జీరో బిల్లు పోగొట్టిన యూఎస్‌బీ మైనర్: ఒక కేస్ స్టడీ

కేసు క్లుప్తంగా ఇదీ. హైదరాబాద్‌లో ఉప్పల్ వైపు రెండు గదుల అద్దె ఇల్లు, మా అక్క, బావ, బీటెక్ చదివే మేనల్లుడు. వాడు ఇంటర్న్‌షిప్ స్టైపెండ్ దాచుకుని సెకండ్ హ్యాండ్‌లో గెక్కోసైన్స్ కాంపాక్ ఎఫ్ అనే స్టిక్ కొన్నాడు, పెన్‌డ్రైవ్‌కి అన్నయ్యలా ఉంటుంది, మీద అల్యూమినియం హీట్‌సింక్, యూఎస్‌బీలో గుచ్చితే బిట్‌కాయిన్ మైన్ చేస్తుంది, అంటే లెక్కల లాటరీ లాంటిది ఆడి ఆ డిజిటల్ డబ్బు కోసం ప్రయత్నిస్తుంది, హబ్బూ వైర్లూ కలుపుకుని 14 వేలయ్యాయట. 2024 నవంబర్‌లో నా దగ్గరికి రెండు కంప్లైంట్లు ఒకేసారి వచ్చాయి. వాడిది: "మావయ్యా, గంట కూడా నిలకడగా నడవట్లేదు, ఊరికే డిస్‌కనెక్ట్ అవుతోంది, చిప్ పోయిందేమో చూడవా." అక్కది: "ఒరేయ్, ఇన్నాళ్ళూ జీరో బిల్లు వచ్చేది, ఈ నెల పదకొండొందలు దాటింది, వీడి డబ్బా వల్లేనా కాదా తేల్చి చెప్పు."

నేను చేసేది పవర్ సప్లై బోర్డుల రిపేరు. బిట్‌కాయిన్ గురించి సాయంత్రాలు చదువుకున్నదే తప్ప ట్రేడింగ్ అదీ నాకు తెలీదు. కానీ ఈ రెండు కంప్లైంట్లూ నిజానికి కరెంట్ కంప్లైంట్లే, ఒకటి స్టిక్ దగ్గర 5 వోల్ట్ల వైపు, ఇంకోటి మీటర్ దగ్గర 230 వోల్ట్ల వైపు. యూఎస్‌బీ మైనింగ్ గురించి ఎవరు అడిగినా నేను చెప్పేది ఇదే, హాష్ రేట్ (సెకనుకి ఎన్ని లెక్కలు చేస్తోందో) తర్వాత చూద్దాం, ముందు వాట్లు ఎక్కణ్ణించి వస్తున్నాయి ఎక్కడికి పోతున్నాయి చూడు అని.

ముందు వాడి సెటప్ చెప్తా. విండోస్ ల్యాప్‌టాప్ మూత తెరిచి ఇరవైనాలుగు గంటలూ ఆన్‌లో, దానికి ఏడు పోర్టుల హబ్, హబ్‌కి విడిగా 5 వోల్ట్ 2 ఆంప్ అడాప్టర్, హబ్ నుంచి మీటర్ పొడవు ఎక్స్‌టెన్షన్ కేబుల్, స్టిక్ వేడి ల్యాప్‌టాప్‌కి తగలకూడదని ఆ కేబుల్ చివర స్టిక్, దానిమీదికి ఒక చిన్న ఫ్యాన్. సాఫ్ట్‌వేర్ సీజీమైనర్, డ్రైవర్ జాడిగ్ అనే టూల్‌తో మార్చుకున్నాడు, అదంతా బాగానే చేశాడు. ఎవరో వీడియోలో చూపించారని ఫ్రీక్వెన్సీ మాత్రం 500 మెగాహెర్ట్జ్ పెట్టాడు.

ఇక్కడ చిప్ గురించి రెండు ముక్కలు. కాంపాక్ ఎఫ్‌లో ఉండేది ఒకే ఒక్క బీఎం1397 చిప్, బిట్‌మెయిన్ కంపెనీ వాళ్ళ ఎస్17 తరం ఆంట్‌మైనర్ అనే పెద్ద మైనింగ్ మెషిన్లలో డజన్లకొద్దీ వాడిన చిప్పే. లోపల 672 కోర్లు, ఒక్కో కోర్ ఒక్కో క్లాక్‌కి ఒక్కో హాష్ తీస్తుంది, కాబట్టి మెగాహెర్ట్జ్‌ని 672తో గుణిస్తే హాష్ రేట్ వచ్చేస్తుంది, 200 దగ్గర 134 గిగాహాష్ (ఒక గిగాహాష్ అంటే సెకనుకి వంద కోట్ల హాష్‌లు), 300 దగ్గర 201, 500 దగ్గర 336. ఈ లెక్క చేతిలో ఉంటే సగం డయాగ్నోసిస్ అయిపోయినట్టే, ఎందుకంటే స్క్రీన్ మీద కనిపించే సగటు ఈ లెక్క కంటే బాగా తక్కువుంటే చిప్ ఆకలితో ఉందనో ఉడికిపోతోందనో అర్థం. మావాడి స్క్రీన్‌లో 336 రావాల్సింది ఎప్పుడు చూసినా 150 చుట్టూ తిరుగుతోంది.

లక్షణాలు కూడా ముక్కుసూటిగానే ఉన్నాయి. స్టార్ట్ చేయగానే హాష్ రేట్ ఎక్కుతుంది, హార్డ్‌వేర్ ఎర్రర్లు, అంటే చిప్ ఇచ్చే తప్పు జవాబులు, మొదలవుతాయి, కాసేపటికి డివైస్ మాయం, విండోస్ టింగ్ అంటుంది, మళ్ళీ టింగ్ అని తిరిగొస్తుంది, ఈసారి లాగ్‌లో దాని నంబర్ ఒకటి పెరిగి ఉంటుంది. రాత్రంతా ఆ టింగు టింగులకి బావకి నిద్ర లేదు. చిప్ చచ్చిపోతే ఇలా పోయి రావడం ఉండదు, సీజీమైనర్ డివైస్‌ని చూస్తుంది కానీ చిప్ జవాబివ్వదు, జీరో దగ్గరే కూర్చుంటుంది. పోయి వచ్చి పోయి వచ్చి చేస్తోందంటే యూఎస్‌బీ వైపు చిప్పే రీసెట్ అవుతోందన్నమాట, అంటే 5 వోల్ట్ లైనే కుంగిపోతోంది.

కొలిచాం. హబ్ పోర్ట్ దగ్గర లోడ్ లేనప్పుడు 5.08, మైనింగ్ మొదలవగానే 4.6, ఎక్స్‌టెన్షన్ చివర స్టిక్ ప్లగ్ దగ్గర 4 వోల్ట్ల కిందికి జారి అక్కడ స్టిక్ పడిపోతోంది. ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్ట్ 500 మిల్లీయాంప్స్‌కి, 3.0 పోర్ట్ 900కి డిజైన్ చేసినవి, అంటే రెండున్నర వాట్లు, నాలుగున్నర వాట్లు. ఈ స్టిక్ 500 మెగాహెర్ట్జ్ దగ్గర అడిగేది 15 వాట్లకి పైమాటే, అంటే 3 ఆంప్స్ దాటి. అడాప్టర్ మీదేమో 2 ఆంప్స్ అని రాసుంది.

కేబుల్ సంగతి చాలామంది పట్టించుకోరు కానీ ఈ కేసులో ఎక్కువ దొంగ అదే. చవక ఎక్స్‌టెన్షన్లలో పవర్ వైర్లు 28 గేజ్ ఉంటాయి, మీటర్‌కి దాదాపు 0.21 ఓమ్, వెళ్ళే వైరూ వచ్చే వైరూ కలిపితే 0.43, రెండు ఆంప్స్ పారితే 0.86 వోల్ట్ కేబుల్లోనే హరీ. పైగా స్టిక్ మీద ఉండే కన్వర్టర్ మామూలు బల్బు లాంటిది కాదు, వోల్టేజ్ తగ్గితే తక్కువ లాగి ఊరుకోదు, చిప్‌కి కావాల్సిన వాట్లు ఎలాగైనా ఇవ్వాలి కాబట్టి కరెంట్ ఇంకా ఎక్కువ లాగుతుంది. 5 వోల్ట్ దగ్గర 2 ఆంప్స్ లాగే 10 వాట్ల లోడ్ 4.4 దగ్గరికొచ్చేసరికి 2.27 లాగుతుంది, దాంతో కేబుల్లో డ్రాప్ ఇంకా పెరుగుతుంది, దాంతో ఇంకా లాగుతుంది, చివరికి ఒక్కసారిగా కూలిపోతుంది. అందుకే గంటసేపు బాగానే నడిచి హఠాత్తుగా పోయినట్టు కనిపిస్తుంది, మెల్లగా తగ్గుతూ పోవడం ఉండదు. అపార్ట్‌మెంట్‌లో మోటార్ కిందుండి పై అంతస్తు ట్యాప్‌లో ధార సన్నబడితే మోటార్ మార్చం కదా, ముందు పైపు సైజు చూస్తాం, ఇదీ అంతే.

బాగుచేసిన విధానం

ఎక్స్‌టెన్షన్ తీసేశాం. అడాప్టర్ తీసేసి కోఠీ గుజరాతీ గల్లీలో దొరికే 5 వోల్ట్ 10 ఆంప్ ఎస్‌ఎంపీఎస్ పవర్ సప్లై తెచ్చాం, ఎల్‌ఈడీ బోర్డులకి వాడేది, చిల్లుల డబ్బా. దాంట్లో పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, దాంతో అవుట్‌పుట్ కొంచెం అటూఇటూ తిప్పొచ్చు. లోడ్ మీద ఉండగా స్టిక్ ప్లగ్ దగ్గర మీటర్ పెట్టి 5.1 వచ్చేలా తిప్పాం. సప్లై దగ్గర 5.1 పెడితే లాభం లేదు, స్టిక్ దగ్గరే కొలవాలి, అదీ నడుస్తున్నప్పుడే కొలవాలి. ఎస్‌ఎంపీఎస్ నుంచి హబ్ బోర్డుకి మందపాటి వైరు నేరుగా టంకం వేశా, హబ్ బారెల్ జాక్ వదిలేశాం, ఆ జాక్‌లే 2 ఆంప్స్ దాటితే వేడెక్కుతాయి.

ఒక హెచ్చరిక, ఈ డబ్బా సప్లైలకి ఒక చివర 230 వోల్ట్ స్క్రూ టెర్మినల్స్ ఓపెన్‌గా ఉంటాయి, పైన పల్చటి ప్లాస్టిక్ మూత తప్ప ఏమీ ఉండదు. ఇంట్లో పెట్టేటప్పుడు వేరే పెట్టెలో బిగించి, ఎర్త్ కలిపి, వైరు లాగినా ఊడకుండా క్లాంప్ వేసి పెట్టాలి. ఇది రాకపోతే ఎలక్ట్రీషియన్‌తో చేయించుకోండి, లేదంటే డబ్బులెక్కువైనా మంచి కంపెనీ మూసిన అడాప్టర్ 5 వోల్ట్ 6 ఆంప్‌ది కొనుక్కోండి.

ల్యాప్‌టాప్ స్థానంలో నా దగ్గర మూలన పడున్న రాస్‌బెర్రీ పై 3 అనే అరచేతి సైజు కంప్యూటర్ ఇచ్చా. స్టిక్‌కి కావాల్సిన డేటా చాలా తక్కువ, పూల్, అంటే మైనర్లకి పని పంచే సర్వర్, నుంచి ఒక పని వస్తుంది, చిప్ దాన్ని నమిలి దొరికింది చెప్తుంది, అంతే, ఏ చిన్న కంప్యూటరైనా చాలు, ఇంటర్నెట్ వాడకం కూడా వాట్సాప్ వీడియో కాల్ ముందు లెక్కలోకే రాదు. ఐతే చవక హబ్‌లతో ఒక పేచీ ఉంది, హబ్‌కి ఇచ్చిన 5 వోల్ట్ డేటా కేబుల్ గుండా వెనక్కి పారి రాస్‌బెర్రీ పైలోకి వెళ్ళిపోతుంది, దాన్ని ఆఫ్ చేశామనుకున్నా లైట్ వెలుగుతూనే ఉంటుంది, రెండు సప్లైలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. హబ్ నుంచి రాస్‌బెర్రీ పైకి వెళ్ళే కేబుల్లో ఎర్ర వైరు కోసేశా, డేటా రెండు వైర్లూ గ్రౌండూ ఉంచేశా. కొన్ని హబ్‌లు ఆ వైరు లేకపోతే అవతల కంప్యూటర్ ఉందని గుర్తుపట్టవు, దీనికి ఆ గొడవ రాలేదు.

లైనక్స్ వైపు పెద్ద కథ లేదు. స్టిక్‌ని మామూలు యూజర్‌గా వాడుకోనిచ్చే యూడెవ్ రూల్ ఒకటి సీజీమైనర్‌తోనే వస్తుంది, అది సరైన ఫోల్డర్‌లో వేసి యూజర్‌ని ప్లగ్‌డెవ్ గ్రూప్‌లో చేర్చాలి, లేకపోతే డివైస్ కనిపిస్తూనే ఓపెన్ కాదు. గెక్కో స్టిక్‌లకి మామూలు సీజీమైనర్ కాకుండా వాటి కోసం మార్చిన వెర్షన్ కావాలి, ఇది మర్చిపోయి స్టిక్ పాడైందని అమ్మేసుకునేవాళ్ళు ఉన్నారు. కరెంట్ పోయినప్పుడల్లా రాస్‌బెర్రీ పై మెమరీ కార్డ్ పాడవకుండా లాగ్‌లన్నీ ర్యామ్‌లోకి మళ్ళించా, ఈ ఏరియాలో వాన పడితే కరెంట్ సంగతి చెప్పక్కర్లేదు.

ఫ్రీక్వెన్సీ 300కి దించాం. వాడు మొహం ముడుచుకున్నాడు, 336 పోయి 201 అయిందని. కానీ ముందు 336 ఎక్కడొచ్చింది, సగటు 150యే కదా. ఇప్పుడు 201 రావాల్సిన చోట 199, 200 నిలకడగా, హార్డ్‌వేర్ ఎర్రర్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. స్టిక్ లాగేది 1.9 ఆంప్స్, తొమ్మిదిన్నర వాట్ల పైన. స్టిక్ మీద కోర్ వోల్టేజ్ తిప్పే చిన్న స్క్రూ లాంటి పాట్ ఉంటుంది, దాన్ని ముట్టుకోవద్దని గట్టిగా చెప్పా, అది తిప్పితే లాభం కొంచెం, చిప్ కాల్చుకునే అవకాశం బోలెడు.

వేడి గురించి ఇక్కడే చెప్పేస్తా. నవంబర్‌లో ఏ సమస్యా లేదు, అసలు పరీక్ష ఏప్రిల్‌లో మొదలైంది, మధ్యాహ్నం గదిలోనే 37 డిగ్రీలుంటే హీట్‌సింక్ అంతకంటే పాతిక డిగ్రీలు పైనే ఉంటుంది. వాడు ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో కొలిచి 44 అని సంబరపడ్డాడు, మెరిసే అల్యూమినియం మీద ఆ గన్ తక్కువ చూపిస్తుంది, ఒక నల్ల టేప్ ముక్క అంటించి దానిమీద కొలిస్తే 63 వచ్చింది. ఎండాకాలం మొత్తానికి 200 మెగాహెర్ట్జ్ అని ఫిక్స్ చేశాం. ఫ్యాన్ గాలి ఫిన్స్ మధ్య నుంచి పోయేలా పెట్టాలి, ఊరికే పైనుంచి ఊదితే సగం వృథా, హైదరాబాద్ దుమ్ముకి నెలకోసారి పెయింట్ బ్రష్‌తో దులపాలి. వైజాగ్ లాంటి సముద్రం ఊళ్ళలో ఐతే దుమ్ము కంటే తేమ, ఉప్పు గాలి ఎక్కువ పీడ, యూఎస్‌బీ కాంటాక్టులు నల్లబడి రెసిస్టెన్స్ పెరిగి మళ్ళీ పైన చెప్పిన వోల్టేజ్ కథే మొదలవుతుంది.

షేర్లు రావట్లేదన్న భయం

సెటప్ నిలబడ్డాక వాడు ఇంకో అనుమానం పట్టుకొచ్చాడు. "మావయ్యా, మూడు నిమిషాలైంది, ఒక్క యాక్సెప్టెడ్ కూడా లేదు." వాడు కలిసింది సోలో సీకేపూల్‌కి, అంటే బ్లాక్ దొరికితే అందరికీ పంచకుండా దొరికినవాడికే ఇచ్చే పూల్, సీజీమైనర్ రాసిన కాన్ కోలివాస్ నడిపేది, ఆయన ఆస్ట్రేలియాలో మత్తు డాక్టర్, లైనక్స్ కెర్నెల్‌లో కూడా చేయి పెట్టిన మనిషి. షేర్ అంటే స్టిక్ పని చేస్తోందని పూల్‌కి రుజువుగా పంపే జవాబు, డిఫికల్టీ అంటే ఆ జవాబు దొరకడం ఎంత కష్టమో చెప్పే అంకె. అక్కడ మొదట్లో షేర్ డిఫికల్టీ 10,000 ఇస్తారు. ఒక డిఫికల్టీ అంటే సగటున 2 పవర్ 32 హాష్‌లు, అంటే 429 కోట్లు. దాన్ని 10,000తో గుణించి మన 200 గిగాహాష్‌తో, అంటే సెకనుకి 20 వేల కోట్లతో భాగిస్తే 215 సెకన్లు. సగటున మూడున్నర నిమిషాలకి ఒక షేర్, ఒక్కోసారి పది నిమిషాలు కూడా రాకపోవచ్చు, ఒక్కోసారి వెంటవెంటనే రెండు రావచ్చు. ఈ లెక్క తెలీక స్టిక్‌లు పీకి పెట్టి పీకి పెట్టి పాడుచేస్తారు.

అసలు చిప్ చేసే పని కూడా వాడికి అప్పుడే విడమరిచా. బ్లాక్ అంటే బిట్‌కాయిన్ లావాదేవీల ఖాతా పుస్తకంలో ఒక పేజీ లాంటిది, దాని హెడర్ 80 బైట్లు, దాన్ని షా-256 అనే లెక్కలో రెండుసార్లు తిప్పితే ఒక సంఖ్య వస్తుంది, అది నెట్‌వర్క్ పెట్టిన టార్గెట్ కంటే చిన్నదైతే బ్లాక్ మనది, రివార్డూ మనదే. మార్చడానికి నాన్స్ అనే 4 బైట్లు ఇస్తారు, దాంట్లో ఉన్నవే 429 కోట్ల విలువలు, మన స్టిక్ వాటన్నిటినీ సెకనులో దాదాపు యాభయ్యో వంతులో అవగొట్టేస్తుంది, అందుకే హెడర్‌లో వేరే చోట్ల కూడా మారుస్తూ కొత్త కొత్త పని ఇస్తూ ఉండాలి. ఇందులో ముందుకి సాగడం అంటూ ఏమీ ఉండదు. నిన్నటిదాకా తవ్వింది ఇవాళ్టికి కలిసిరాదు, డిస్‌కనెక్ట్ అయితే పోయేది ఆ కాసేపటి ప్రయత్నాలు మాత్రమే. వాడేమో స్టిక్ ఆగిన ప్రతిసారీ వంద శాతం దగ్గరికొస్తున్న డౌన్‌లోడ్ పోయినంత బాధపడుతున్నాడు, ఇది చెప్పాక కాస్త నిద్రపోయాడు.

రూపాయి లెక్క

నవంబర్ 2024లో నెట్‌వర్క్ డిఫికల్టీ, అంటే అసలు బ్లాక్ దొరకడానికి కావాల్సిన డిఫికల్టీ, 100 ట్రిలియన్ దాటింది, మన భాషలో కోటి కోట్లు. అదే లెక్కలో పెడితే 200 గిగాహాష్ స్టిక్‌కి ఒక బ్లాక్ దొరకడానికి సగటున 68 వేల ఏళ్ళు. వాడు వెంటనే 2024 జూలై సంగతి ఎత్తాడు, 3 టెరాహాష్ (3,000 గిగాహాష్) చిన్న మైనర్‌తో ఒకతనికి ఇదే సోలో సీకేపూల్‌లో బ్లాక్ దొరికింది, 853742 నంబర్ బ్లాక్, రివార్డ్ 3.125 బిట్‌కాయిన్లు, పైన ఫీజులు. నిజమే, దొరికింది. ఆ మైనర్ మనదానికి 15 రెట్లు పెద్దది, దానికి కూడా సగటు మూడున్నర వేల ఏళ్ళ పైనే. లాటరీ తగిలినవాడి ఫోటో పేపర్లో వస్తుంది, తగలని వాళ్ళ ఫోటోలు వేస్తే పేపర్ సరిపోదు.

సోలో వద్దు, వచ్చింది అందరూ పంచుకునే పూల్‌లో చేస్తే? రోజుకి 144 బ్లాకులు, ఒక్కోటి 3.125, మొత్తం 450 బిట్‌కాయిన్లు. డిఫికల్టీ 100 ట్రిలియన్ దగ్గర నెట్‌వర్క్ మొత్తం దాదాపు 716 ఎక్సాహాష్ (ఒక ఎక్సాహాష్ అంటే వంద కోట్ల గిగాహాష్), అందులో మన వంతు తీస్తే రోజుకి 12 నుంచి 13 సతోషీలు. సతోషీ అంటే బిట్‌కాయిన్‌లో పది కోట్లో వంతు. అప్పుడు బిట్‌కాయిన్ 80 లక్షల రూపాయలనుకుంటే ఒక సతోషీ 8 పైసలు, అంటే రోజుకి సుమారు ఒక రూపాయి. ఏదైనా పూల్ కనీసం లక్ష సతోషీలైతేనే పంపిస్తానంటే మొదటి పేమెంట్‌కి 21 ఏళ్ళు దాటుతుంది, వాడికి పిల్లలు పుట్టి స్కూల్‌కి పోతుంటారు. చిన్న మొత్తాలు లైట్నింగ్ అనే చిల్లర పేమెంట్ల నెట్‌వర్క్‌లో పంపే పూల్స్ ఉన్నాయి, అలాంటివైతేనే అర్థముంది. కొండని తవ్వి ఎలుకని పట్టడమంటే మైనింగ్ కోసమే పుట్టిన సామెతేమో అనిపిస్తుంది.

ఒకప్పుడు ఇలా లేదు, అది కూడా వాడికి చెప్పాలి కదా. 2013లో ఆసిక్‌మైనర్ వాళ్ళ బ్లాక్ ఎరప్టర్ అనే స్టిక్ వచ్చింది, 333 మెగాహాష్, రెండున్నర వాట్లు, అచ్చంగా ఒక యూఎస్‌బీ పోర్ట్ ఇచ్చేంత. అప్పటి డిఫికల్టీ 1.1 కోట్లు, రివార్డ్ 25, లెక్కేస్తే రోజుకి 0.015 బిట్‌కాయిన్. మొదట్లో ధర 2 బిట్‌కాయిన్లు. కాగితం మీద నాలుగున్నర నెలల్లో పెట్టుబడి వచ్చేయాలి. ఐతే అదే ఏడాది డిసెంబర్‌కి డిఫికల్టీ 118 కోట్లకి పోయింది, అంటే వంద రెట్లు, రోజు సంపాదన నూరో వంతు. స్టిక్ కొనకుండా ఆ 2 బిట్‌కాయిన్లు అలాగే ఉంచుకున్నవాడే బాగుపడ్డాడు. తర్వాత ఆంట్‌మైనర్ యూ1, యూ2, గెక్కోసైన్స్ కాంపాక్, 2ప్యాక్, న్యూప్యాక్, ఇలా వస్తూనే ఉన్నాయి, చిప్ మెరుగైన ప్రతిసారీ నెట్‌వర్క్ అంతకు మించి పెరిగింది.

ఇప్పుడు అక్క కంప్లైంట్

గోడ ప్లగ్ దగ్గర ఎనర్జీ మీటర్ పెట్టి పాత సెటప్ మళ్ళీ యథాతథంగా నడిపించి కొలిచా. మొత్తం 43 వాట్లు. అందులో స్టిక్‌ది మూడో వంతు కూడా లేదు, సింహభాగం ల్యాప్‌టాప్‌దే, స్క్రీన్ వెలుగుతూ, దాని ఫ్యాన్ తిరుగుతూ. వాడు స్టిక్ వాట్లే చూసుకుని "బల్బంత కూడా తినదు అమ్మా" అని చెప్పాడు, అబద్ధం కాదు, కానీ దాన్ని మోస్తున్న ల్యాప్‌టాప్‌ని లెక్కలో వేయలేదు. 43 వాట్లు ఆగకుండా నడిస్తే నెలకి 31 యూనిట్లు. ఆ బిల్లు కాలంలో నడిచింది మూడు వారాలు, అంటే 22 యూనిట్లు. బిల్లులో 214. తీసేస్తే 192.

తెలంగాణలో ఇళ్ళ కరెంట్ తెలిసినవాళ్ళకి ఇక్కడ సంగతి అర్థమైపోతుంది. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపైతే జీరో బిల్లు, 2024 మార్చి బిల్లుల నుంచి అమలులో ఉంది. 192 అయ్యుంటే సున్నా. 214 కాబట్టి మొత్తం కట్టాలి. పైగా 200 దాటితే స్లాబ్ గ్రూపే మారిపోతుంది, 2022లో పెంచిన రేట్ల ప్రకారం 200 యూనిట్లు వాడితే మొదటి వందకి 3.40, తర్వాతి వందకి 4.80, మొత్తం 820 రూపాయలు, అదే 201 వాడితే మొదటి 200 మొత్తానికీ 5.10 పడి, ఆ పై ఒక్క యూనిట్‌కి 7.70 పడి 1,027 అవుతుంది. ఒక్క యూనిట్‌కి 207 రూపాయలన్నమాట. వీళ్ళకి 214కి ఎనర్జీ చార్జీలే 1,127, మిగతా చార్జీలు అదనం. మూడు వారాల్లో స్టిక్ సగం సగం నడిచి సంపాదించింది పాతిక రూపాయలు కూడా ఉండదు. తడిసి మోపెడవడం అంటే ఇదే.

అంచేత ఈ ఇంట్లో మైనర్ ఖర్చుని యూనిట్ రేటుతో గుణించి చెప్పడం కుదరదు. ఇంటి వాడకం 150 ఉన్న నెల స్టిక్ వల్ల ఇంటికి పైసా భారం లేదు, 190 ఉన్న నెల అదే స్టిక్ వెయ్యి రూపాయలు. ఇంకో రాష్ట్రంలో ఇంకో లెక్క ఉంటుంది, ఎవరి బిల్లు వెనక్కి తిప్పి వాళ్ళు స్లాబ్‌లు చూసుకోవాలి, యూట్యూబ్‌లో డాలర్ల లెక్కలు మనకి పనికిరావు. కొత్త సెటప్‌లో రాస్‌బెర్రీ పై, స్టిక్, ఫ్యాన్, ఎస్‌ఎంపీఎస్ నష్టాలు అన్నీ కలిపి గోడ దగ్గర 16 వాట్లు, నెలకి పదకొండున్నర యూనిట్లు. పాతదాంట్లో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ, హాష్ రేట్ మాత్రం పాతదాని కంటే ఎక్కువ.

వాడు తెలివిగా ఒక దారి కనిపెట్టాడు, "కాలేజ్ హాస్టల్‌లో ఫ్రెండ్ రూమ్‌లో పెడితే కరెంట్ ఫ్రీ కదా మావయ్యా" అని. బావ నోరు తెరవకముందే నేనే కాదన్నా. ఫ్రీ అనేది ఎవరో కడుతున్నారన్నమాటే, పైగా అడగకుండా పక్కవాళ్ళ కరెంట్‌తో మైనింగ్ చేసి ఉద్యోగాలు పోగొట్టుకున్న సంగతులు వేరే దేశాల్లో చాలా ఉన్నాయి, ఓపెన్ ఎస్‌ఎంపీఎస్ పరుపుల పక్కన పెడితే వచ్చే ప్రమాదం ఇంకోటి.

ట్యాక్స్ గురించి బావ అడిగారు, రోజుకి రూపాయి మీద ట్యాక్స్ ఏంటని నవ్వుకున్నాం కానీ లెక్క తెలిసుండాలి. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో అమ్మితే వచ్చిన లాభం మీద 30 శాతం, పైన సెస్, నష్టాన్ని వేరే లాభంలో సర్దుకోవడం కుదరదు. మైనింగ్‌కి పెట్టిన మెషిన్ల ఖర్చుని కొన్న ధరగా చూపించడం కుదరదని ఆర్థిక శాఖ 2022 మార్చిలో పార్లమెంట్‌లోనే చెప్పింది. అంటే 14 వేల స్టిక్ కూడా లెక్కలోకి రాదు. నిజంగా బ్లాక్ తగిలితే అప్పుడు సీఏ దగ్గరికెళ్ళాలి, దానికింకా టైముంది.

తేల్చుకున్నది ఇదీ. స్టిక్ అమ్మలేదు. వాడు పంచుకునే పూల్ ఆలోచన వదిలేసి సోలోలోనే ఉన్నాడు, రోజుకి రూపాయి బదులు సున్నా, దొరికితే మాత్రం మొత్తం తనదే, 2 శాతం పూల్ ఫీజు పోను. నాకూ అదే సరైందనిపించింది, ఆ రూపాయి వచ్చినా రాకపోయినా ఎవరికీ తేడా లేదు. ఈలోగా వాడు ఓమ్స్ లా చేత్తో చేశాడు, టంకం నేర్చుకున్నాడు, లైనక్స్‌లో సర్వీస్ రాశాడు, ఇంటర్వ్యూలో యూఎస్‌బీ పవర్ గురించి అడిగితే పావుగంట మాట్లాడగలడు.

ఈ మధ్య బిటాక్స్ అనే చిన్న మైనర్ కావాలంటున్నాడు. అదీ ఒకటే చిప్, పక్కన ఈఎస్‌పీ32 అనే వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ ఉంటుంది, వైఫై ఉంటే చాలు, కంప్యూటరూ హబ్బూ అక్కర్లేదు, గామా మోడల్ 1.2 టెరాహాష్ దాకా ఇస్తుంది, లాగేది 17, 18 వాట్లు. మన 16 వాట్ల సెటప్‌కి దాదాపు అదే కరెంట్‌లో ఆరు రెట్లు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళైతే యూఎస్‌బీ స్టిక్ కంటే అదే తీసుకోమంటా, హబ్ తలనొప్పి పోతుంది, కానీ దానికీ గట్టి 5 వోల్ట్ సప్లై కావాల్సిందే, చవక అడాప్టర్ పెట్టి రీబూట్ అవుతోందని వచ్చేవాళ్ళని చూస్తూనే ఉన్నా. ఇంకా చవగ్గా నెర్డ్‌మైనర్ అని ఈఎస్‌పీ32 బోర్డు మీదే నడిచేది ఉంది, అది కిలోహాష్‌ల్లో, మన స్టిక్‌కి కొన్ని లక్షల రెట్లు తక్కువ, టేబుల్ మీద అందంగా ఉంటుంది.

అక్క పెట్టిన రూల్ ప్రకారం బిల్లు తీసిన రోజు నుంచి వాడే మీటర్ రీడింగ్ రాయాలి, ఇరవయ్యో రోజుకి 125 దాటితే స్విచ్ ఆఫ్, మళ్ళీ కొత్త బిల్లు వచ్చాకే ఆన్. చలికాలం అంతా ఆపకుండా నడిచింది. ఏప్రిల్‌లో కూలర్ మొదలయ్యాక రెండు వారాలకే ఆగింది, మే మొత్తం డబ్బాలోనే ఉంది. వాడు ఇప్పుడు ఆ రీడింగ్ చేత్తో రాయలేక మీటర్ మీద మిణుకు మిణుకుమనే ఎర్ర లైట్‌ని సెన్సర్‌తో లెక్కపెట్టి రాస్‌బెర్రీ పైకి పంపాలని చూస్తున్నాడు, యూనిట్‌కి ఎన్నిసార్లు మిణుకుతుందో మీటర్ మీదే రాసుంటుంది, సీల్ ముట్టుకోకుండా బయటి నుంచి అంటిస్తే చాలు. సెన్సర్ తెచ్చుకున్నాడు, ఎండ పడితే లెక్క తప్పుతోందట, వచ్చే ఆదివారం నల్ల గొట్టం ఒకటి తొడిగి చూద్దామన్నా.